మూడు ముక్కల కార్డు, నాలుగు మూలల పసుపు

తపాలా శాఖలో కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజే ఒక రూలు చెబుతారు: ఇతరుల కార్డులు చదవకూడదు. మంచి రూలే. కానీ ఆ రూలు రాసిన మహానుభావుడు ఏనాడూ పల్లెటూరి పోస్టాఫీసులో కూర్చుని ఉండడు. చిరునామా ఏ వైపు ఉందో చూడటానికి కార్డు తిప్పితే చాలు, రెండో వైపు "బర్రె ఈనింది" అని కనిపిస్తుంది. కనిపించాక అది పెయ్యదూడో దున్నదూడో చూడకుండా పక్కన పెట్టడం మానవమాత్రుడి వల్ల కాదు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ శాఖ ఉప్పు తిన్నాను. ప్రమోషన్లు, బదిలీలు, పెన్షన్ కాగితాల గొడవ ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదివితే నిద్ర వస్తుంది. నేను చెప్పేది నా మొదటి ఆఫీసు సంగతి. బళ్లారి జిల్లాలో ఎమ్మిగనూరు వైపు (కర్నూలు జిల్లాలో ఉన్నది వేరు), తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తల్లో, నల్లరేగడి మధ్య ఉన్న ఒక ఊరు. పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళు చాలామంది ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ కార్డులు నేను చదివానని తెలిస్తే ఇప్పుడైనా తగువుకు వస్తారు.

మాది తాతల నాటి నుంచి బళ్లారిలో ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఏది ముందు దొరికితే అది.

ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, ఒక కిటికీ. పోస్టుమ్యాన్ కాసీం సాబు, అతని సైకిలు. ఈ రెంటిలో వయసులో ఏది పెద్దదో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. గోడకు ఆనుకుని హనుమక్క అంగడి. ఆకు, వక్క, పొగాకు, గాజులు, పసుపు, కుంకుమ అమ్మేది. ఆమెకు చదువు రాదు. కానీ నేను ముద్ర కొట్టే చప్పుడు వినగానే కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేది.

"యారికి వచ్చిండాది పోస్టప్పా? ఏమంట?"

చెప్పకపోతే ఆ రోజు నాకు ఆకు వక్క లేదు. ఆకు వక్క లేకపోతే నాకు మధ్యాహ్నం కూడిక కుదరదు. కాబట్టి ప్రభుత్వ లెక్కలు సరిగ్గా ఉండటం కోసమే నేను ఆమెకు కార్డులు చదివి వినిపించేవాణ్ణని మీరు అర్థం చేసుకోవాలి.

కవరంటే భయం

ఇప్పటి వాళ్ళకు ఒక సంగతి చెబితే నమ్మరు. ఆ రోజుల్లో జనం కార్డును నమ్మేవాళ్ళు, కవరును నమ్మేవాళ్ళు కాదు. దాచవలసింది ఏమీ లేని మనిషి కార్డు రాస్తాడు. కవరు అంటించాడంటే లోపల ఏదో ఉంది: కోర్టు వ్యవహారమో, దాయాదుల పోరో, పిల్ల మీద చాడీయో. ఒక రైతుకు పాపం ఎవరో ముచ్చటపడి కవరు పంపితే, అతను దాన్ని చివర పట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మాకొద్దప్పా ఇది, అడిగినోళ్ళకు యారికైనా ఇచ్చేయి" అన్నాడు. అడిగినవాళ్ళు ఎవరుంటారని నేను అడిగితే, అది నీ డ్యూటీ అన్నాడు.

కార్డుకు మాత్రం మర్యాదలు ఉండేవి. నాలుగు మూలలా పసుపు ఉంటే పెళ్లో, ఒడుగో, గృహప్రవేశమో. అలాంటి కార్డు చేతిలో ఉంటే కాసీం వీధి మొదట్లోనే గంట కొట్టడం మొదలుపెట్టేవాడు. ఆ ఇంట్లో బెల్లం ముక్కో, మంచి రోజైతే టీయో దొరికేది. చావు కబురు కార్డైతే గంట కొట్టడు, సైకిలు దిగి నడిచిపోతాడు. దాన్ని గడప లోపలికి తీసుకుపోరు. అరుగు కింద నిలబడి చదివించుకుని, అక్కడే చింపేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోతారు. అంటే కార్డు మీద ఏముందో చదువు రాని మనిషికి కూడా సగం ముందే తెలిసిపోతుంది. పసుపు చూస్తే చాలు, మిగిలిన అక్షరాలు ముహూర్తం కోసమే.

కొత్తగా చేరేవాళ్ళు ఈ మర్యాదలు నేర్చుకోవాలి. శాఖ పుస్తకాల్లో ఇవి లేవు. ఇవి పట్టించుకోక మేము పడిన తిప్పలు ముందు ముందు చెబుతాను.

కాలువ వచ్చాక కోస్తా నుంచి రైతులు దిగడం మొదలైంది. ఊళ్ళకు దూరంగా, పొలాల్లోనే గుడిసెలు వేసుకుని క్యాంపులు కట్టారు. వాళ్ళకు వచ్చే కార్డుల మీద చిరునామాలు చూడాలి. "రెండో తూము దాటినాక, ఎర్ర ఎద్దుల వారి పక్కన" అని రాసేవాళ్ళు. ఆ ఎర్ర ఎద్దుల వారు మధ్యలో ఎద్దుల్ని అమ్మేసి నల్లవి కొన్నారు. కాసీం వారం రోజులు తిరిగాడు.

భూషణం

ఆ క్యాంపులోనే ఉండేవాడు నాగభూషణం. గుడివాడ పక్క పల్లెటూరు. మనిషి ఎత్తుగా, బలంగా ఉండేవాడు, మాట మాత్రం వినపడేది కాదు. వారానికోసారి, సంత రోజు, మా ఆఫీసుకు వచ్చి ఒక కార్డు కొనేవాడు. బల్ల ముందు నిలబడి, కలం నోట్లో పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసేవాడు. నా పని అంతా ఆగిపోయేది, ఎందుకంటే ఆఫీసులో ఉన్న కలం అదొక్కటే. అంతా అయ్యాక రాసేది మూడు ముక్కలు.

"క్షేమం. నాట్లు అయినవి. ఎద్దు కాలు నయమైనది."

కార్డు మీద ముప్పావు వంతు ఖాళీ.

ఆ కార్డు అతని భార్య సరోజినికి. పెళ్లయిన కొత్తలో ఆమె కూడా ఇక్కడికి వచ్చి, ఒక పంట కాలం గుడిసెలో ఉంది. పైకప్పు బోదగడ్డిలోంచి తేళ్ళు పడేవి. మాట్లాడదామంటే పక్క గుడిసె కేకేసినా వినపడనంత దూరంలో ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్ళింది, ఆడపిల్ల పుట్టింది. అక్కడితో ఆమె తండ్రి రాఘవయ్య గారు గేటు వేశారు. "తేళ్ళ కొంపకు పసిపిల్లను పంపను" అన్నారు. భూషణం వెళ్దామంటే కాలువ నీళ్ళ వంతు వదిలి కదలలేడు. కదిలితే మడి ఎండిపోతుంది. అలా పిల్లకు ఎనిమిదో నెల వచ్చింది. కన్నతండ్రి ఇంకా పిల్ల ముఖం చూడలేదు. భార్య వస్తుందా, లేక భూమి వదులుకుని తనే పోవాలా అన్నది అతని కష్టం. అతను చెప్పలేదు. కార్డులు చెప్పాయి.

ఎందుకంటే సరోజిని కార్డు రాస్తే తపాలా శాఖ ఇచ్చిన చోటు ఆమెకు చాలేది కాదు. వరసలు అయ్యాక అంచుల వెంబడి తిప్పి రాసేది. చదవడానికి కార్డును గానుగలా తిప్పాలి. ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

"శ్రీవారికి నమస్కారములు. మీ మూడు ముక్కలూ అందినవి. ఎద్దు కాలు నయమైనందుకు సంతోషం. మీ ఒంట్లో ఎలా ఉందో ఆ ఎద్దునే అడిగి ఈసారి రాయండి. పాపకు రెండో పన్ను వచ్చింది. మొదటి పన్నుతో మా నాన్న వేలు కొరికింది, రెండో పన్నుతో మా అమ్మ వేలు. మీ వేలు మిగిలిపోయి ఉంది."

ఇది విని హనుమక్క నవ్వి నవ్వి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నది నవ్వుకేనా అని నేను అడగలేదు.

భూషణం జవాబు: "క్షేమం. కార్డు అందినది. వాన పడినది."

హనుమక్కకు ఒళ్ళు మండింది. "ఏంది పోస్టప్పా ఇది? ఇంత జాగా ఖాలీ పెట్టి పంపుతాడా? ఆ పిల్ల యాడో కూచోని ఎదురు చూస్తాంటే, వాన పడిందంట, వాన! నువ్వు రాయి, నేను చెప్తా."

"వేరేవాళ్ళ కార్డు మీద నేను రాయకూడదు హనుమక్కా."

"చదివేకి కూడదని ఉండాది కదా, చదువుతాండావు. రాసేకి ఏమి వచ్చిండాది?"

వాదనలో తప్పు కనిపించలేదు. భూషణాన్ని అడిగితే, "ఖాళీయే కదండీ, రాసుకోండి" అన్నాడు. అప్పట్నుంచి అతని కార్డు కింది భాగం మాది. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లకు వాము నీళ్ళు పట్టమని అంగడి హనుమక్క. పాపకు సలాములని కార్డు తెచ్చే కాసీం. వర్షపాతం వివరాలు పోస్టుమాస్టరు. కొద్ది రోజులకు సరోజిని మాకూ జవాబులు రాయడం మొదలుపెట్టింది. హనుమక్కను "అక్కా" అంది. ఆమె తోబుట్టువులు లేని మనిషి. ఆ మాటను నాతో రెండుసార్లు చదివించుకుంది.

పిల్లలూ, కార్డు అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. మనం పంపిన కాగితం ఇంకో ఊళ్ళో ఇంకొకరి చేతిలో ఉందని తలచుకోవడంలో ఒక సుఖం ఉంది. వాళ్ళు చేత్తో రాసింది మన చేతికి రావడంలో అంతకు రెట్టింపు ఉంది. మేము ముగ్గురం ఆ సుఖాన్ని అద్దెకు తీసుకుని అనుభవించాం.

తనిఖీ

మా ఇన్‌స్పెక్టరు గారు మైసూరు వైపు మనిషి. నీతిమంతుడు, నిప్పులాంటివాడు. తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. ఒకరోజు చెప్పాపెట్టకుండా దిగారు. స్టాంపులు లెక్కపెట్టారు, తూకం రాళ్ళు చూశారు, చివరికి ఆ రోజు టపా చేతిలోకి తీసుకున్నారు. పైనే సరోజిని కార్డు ఉంది, అంచులదాకా రాసి.

"ఏమయ్యా, ఇంత రాయవచ్చునా కార్డు మీద? చిరునామా భాగంలోకి కూడా వచ్చింది. రూలు తప్పింది. చదువు, ఏముందో చూద్దాం."

"సార్, కార్డులు చదవకూడదని..."

"నేను ఆర్డరు ఇస్తున్నాను. చదువు."

పొద్దున్నే చదివి ఉన్నాను గదా, అందులో ఏముందో తెలుసు. శ్రీవారికి నమస్కారములు చదివాను, పాప గడప దాటడం నేర్చిందని చదివాను, తర్వాత ఒక వరస దాటేసి ముందుకు పోయాను.

కిటికీలోంచి హనుమక్క గొంతు వినిపించింది. "ఒక వరస వదిలినావు పోస్టప్పా! నీ పేరు ఉండేది!"

ఇన్‌స్పెక్టరు గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. "ఆ వరస చదువు" అన్నారు.

చదివాను. "ఇది చదువుతున్న పోస్టుమాస్టరు గారికి నమస్కారములు. మా వారికి ఇచ్చేటప్పుడు మీరే సంగతంతా చెప్పేయకండి. చెబితే ఆయన ఇక చదవరు, జేబులో పెట్టుకుని పొలానికి పోతారు."

నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది చాలా పెద్ద తప్పు. నీకు మెమో ఇవ్వాలి" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, "అదిరలి, అది అలా ఉండనీ, ఇంతకూ ఆమె ఎందుకు రావడం లేదు?" అని అడిగారు.

హనుమక్క లోపలికి వచ్చి, తేళ్ళతో మొదలుపెట్టి అప్పటిదాకా జరిగిందంతా చెప్పింది. ఆయన బస్సు పోయింది. మెమో రాలేదు. తర్వాతి తనిఖీ మాత్రం రావలసిన దానికన్నా చాలా ముందే వచ్చింది. బస్సు దిగుతూనే ఆయన అడిగిన మొదటి మాట స్టాంపుల గురించి కాదు.

పై అధికారుల గురించి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. వాళ్ళ మనసు కరగాలంటే మనం వేడుకుని లాభం లేదు. కథ మధ్యలో ఆపి బస్సు పోగొట్టాలి.

మాట పడిపోయిన రెండు నెలలు

అలా నవ్వుతూ నడుస్తుండగా ఒక కార్డు వచ్చింది. సరోజిని రాత కాదు, పెద్దరికపు లావు అక్షరాలు. "అల్లుడు గారికి రాఘవయ్య వ్రాయునది. మా అమ్మాయి అక్కడికి రాదు. ఆ భూమి అమ్ముకుని మీరే రావలెను. ఇదే ఆఖరి మాట."

భూషణం దాన్ని మా బల్ల ముందు నిలబడి చదువుకున్నాడు. కార్డు కొనలేదు. కలం ముట్టలేదు. దండం పెట్టి వెళ్ళిపోయాడు. మరుసటి సంతకు రాలేదు, ఆ తర్వాతి సంతకూ రాలేదు.

సరోజిని నుంచి కార్డులు వస్తూనే ఉన్నాయి. మొదటిదాంట్లో పోట్లాట, రెండోదాంట్లో బతిమాలడం, మూడోదాంట్లో నాలుగే వరసలు. ఆ తర్వాత చివరిది వచ్చింది. అందులో అక్షరం లేదు. పిల్ల అరచేయి సిరాలో ముంచి అద్దింది, అంతే. బొటనవేలు దగ్గర చెదిరింది, పిల్ల చేయి లాక్కున్నట్టుంది. ఆ రోజు హనుమక్క ఏమని అడగలేదు, నాకూ చదవడానికి ఏమీ లేదు.

కాసీం ఆ కార్డు తీసుకుని క్యాంపుకు వెళ్ళి, చీకటి పడే వేళకు తిరిగి వచ్చాడు.

"మాస్టర్ సాబ్, ఆ మనిషి ఏం మాట్లాడలా. కార్డు చూసినాడు. తన చెయ్యి దాని మీద పెట్టి చూసుకున్నాడు. జేబులో పెట్టుకుని మళ్ళా బండ ఎత్తుకున్నాడు."

"ఏ బండ?"

"ఇల్లు కడతాండాడు సాబ్! మీకు తెలీదా? రాతి గోడలు, పైన పెంకు. లోపల తాడిపత్రి బండలు పరుస్తాండాడు. సందులో సూది కూడా దూరదు, తేలెట్ల దూరుతాది? ఒక్కడే చేస్తాండాడు."

ఇంత చేస్తూ ఒక్క ముక్క రాయడేమిటని మేము ముగ్గురం అతన్ని తిట్టుకున్నాం. అక్కడ ఆమె ఏమనుకుంటుందో అని భయపడ్డాం.

చివరికి ఒక సంత రోజు వచ్చాడు. గోళ్ళ నిండా సున్నం. కార్డు కొన్నాడు. కలం నోట్లో పెట్టుకున్నాడు. రాశాడు.

"క్షేమం. ఇచ్చట అంతా సిద్ధమైనది. శుద్ధ దశమి గురువారం మంచిది. పెద్దలతో రావలెను."

"భూషణప్పా, ఇల్లు కట్టినానని ఒక మాట రాయి" అని బతిమాలాను.

"వచ్చాక కనపడదంటండీ? ఇల్లేవన్నా దాక్కుంటుందా?" అన్నాడు.

"మేమన్నా రాస్తాము."

"వద్దండీ. ఈసారికి నన్ను రాయనివ్వండి."

హనుమక్క కార్డు తీసుకుంది. ఆమె కుడిచేతి వేళ్ళకు ఎప్పుడూ పసుపు ఉండేది, అంగడిలో పొట్లాలు కట్టడం వల్ల. నాలుగు మూలలా చక్కగా అద్ది, కళ్ళకు అద్దుకుని నాకిచ్చింది. రాసేదానికన్నా ఇది మేలని ఆమె అభిప్రాయం. నేను ముద్ర కొట్టి సంచిలో వేశాను. పసుపు సంగతి ఆలోచించలేదు. మా ఆఫీసు నుంచి పోయే కార్డుల్లో సగానికి ఆమె పసుపు అంటుకునే ఉండేది.

గురువారం

ఆ గురువారం మొదటి బస్సు మా ఆఫీసు ముందు ఆగింది. ముందు ఒక గొడుగు దిగింది, దాని వెనక రాఘవయ్య గారు. తర్వాత ఇద్దరు మేనమామలు, ఒకరి చేతిలో కర్ర. ఆ తర్వాత ఒక ముసలమ్మ. చివరికి చంకలో పిల్లతో సన్నగా, నల్లగా, కళ్ళు వాచిపోయి ఒక అమ్మాయి. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పోస్టుమాస్టరు గారు మీరేనా? పెళ్లెక్కడ?"

"ఎవరి పెళ్లమ్మా?"

"మా ఆయన పెళ్లి."

నాకు అయోమయంగా ఉంది. రాఘవయ్య గారు జేబులోంచి కార్డు తీసి బల్ల మీద కొట్టారు.

"ఇదిగోండి పిలుపు! రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఇది. నాలుగు మూలలా పసుపు! అంతా సిద్ధమంట! గురువారమంట! పెద్దలతో రావాలంట! కట్టుకున్నది నా ఇంట్లో కూర్చుంటే అతనింట్లో శుభకార్యం ఏముంటుందండీ, రెండో పెళ్లి తప్ప? పైగా మమ్మల్నే భోజనానికి పిలుస్తాడా? ఎంత గుండె!"

కర్ర పట్టుకున్న మేనమామ, "ముహూర్తం ఎన్నింటికి?" అని అడిగాడు. ఆలస్యమైందేమో అని అతని కంగారు.

చప్పుడు విని హనుమక్క వచ్చింది. పిల్లను చూసింది, తల్లిని చూసింది. "యారు... సరోజనమ్మా?"

సరోజిని తిరిగింది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "నువ్వేనా హనుమక్కవు? నిన్ను అక్కా అన్నాను కదా. పిల్లకు వాము నీళ్ళు పట్టమని రాసిన చేతికి, ఇక్కడ నా కాపురం కూలుతోందని ఒక్క ముక్క రాయడానికి కుదరలేదా?"

"ఏం చెప్తాండావే తల్లీ? పెళ్లి ఏంది?"

"మరి ఈ పసుపు?"

హనుమక్క కార్డు చూసింది. తన చేయి చూసుకుంది. పచ్చటి ఐదు వేళ్ళూ ఎత్తి అందరికీ చూపించింది.

"ఇది నేను పెట్టిండేది! ఆడబిడ్డ ఇంటికి వస్తాంటే పసుపు పెట్టకుండా ఎట్ల పంపేది? మీ కడ ఏమి పెడతారు, సున్నమా?"

మేనమామ కర్ర మెల్లగా నేలకు దించి, ఊతకర్రలా దాని మీద వాలాడు. అప్పటికప్పుడు అతనికి మోకాళ్ళ నొప్పులు వచ్చినట్టు కనిపించింది. ముసలమ్మ ఒక్కతే, "అయితే భోజనం లేదా?" అంది.

"మరి సిద్ధమైంది ఏమిటండీ?" అన్నారు రాఘవయ్య గారు, కోపం ఎక్కడ పెట్టాలో తెలియక.

"మీరే వచ్చి చూడండి" అన్నాను. ఆ రోజు ఆఫీసు కొంచెం పెందలాడే మూశాను. శాఖవారు క్షమించాలి, అది ప్రజల సొమ్ముతో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. బండి కట్టించి అందరం క్యాంపుకు బయల్దేరాం.

కొత్త ఇంటి గుమ్మానికి మామిడాకులు కట్టి, పూజకు అయ్యవారిని కూర్చోబెట్టుకుని భూషణం ఎదురు చూస్తున్నాడు. తన మీద ఇంత యుద్ధం జరిగిందని అతనికి తెలియదు. పాలు పొంగాయి. రాఘవయ్య గారు చెప్పులు విడిచి లోపలికి పోయి, గొడుగు మొనతో బండ బండనూ తట్టి చూశారు. ఎక్కడా డొల్ల లేదు. చివరికి, "వంటింటి కిటికీ ఇంకాస్త కింద పెట్టాల్సింది" అన్నారు. మామగారి నోట అంతకన్నా మెప్పు రాదని పెళ్లైన వాళ్ళకు తెలుసు.

భోజనాలయ్యాయి. ఎండ వాలింది. రాఘవయ్య గారు గొడుగు చేతికి తీసుకున్నారు. "సాయంత్రం బస్సు ఉంది. అమ్మాయీ, ఉంటావో వస్తావో ఇక నీ ఇష్టం. నేను ఒక్క మాట అనను."

సరోజిని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. పసుపు సంగతి తేలిపోయినా, రెండు నెలల మౌనం తేలలేదు కదా.

అంతలో లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. భూషణం పిల్లను ఎత్తుకుని ఇల్లు చూపిస్తున్నాడు. పిల్ల మొదట బిక్కముఖం పెట్టింది, తర్వాత అతని మీసం పట్టుకుంది. అతను మాట్లాడుతున్నాడు. "ఇదిగో ఇదమ్మా మీ అమ్మ పొయ్యి. పొగ బయటికి పోవాలని ఇక్కడ బొక్క పెట్టా. ఇది నీ ఉయ్యాల కొక్కెం, నేను వేలాడి చూశాలే, ఊడదు. ఈ బండ చూశావా, దీన్ని మోస్తుంటే కాలి మీద పడింది, నీ చెయ్యి వచ్చింది ఆ రోజే, నొప్పి తెలియలా. ఇక్కడ మీ అమ్మ కూర్చుంటది, ఇక్కడ నువ్వు, అదిగో అక్కడ నేను. రోజూ రాత్రి అట్లా అనుకునే పడుకునేవాణ్ణి..."

ఆగడం లేదు. నేను అతన్ని ఎరిగిన ఇన్నాళ్ళలో విన్న మాటలన్నీ కలిపినా అంత లేవు. రాఘవయ్య గారు గొడుగు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

సరోజిని అడిగింది: "ఇన్ని మాటలున్నాయా మీ దగ్గర? ఉంటే ఏడాది పొడుగునా ఎద్దు కాలు సంగతెందుకు రాశారు? ఇవి రాస్తే నేను ఎప్పుడో వచ్చేదాన్ని కాదా?"

భూషణం తలెత్తాడు. గుమ్మం బయట వరసగా నిలబడి, చెవులు రిక్కించి వింటున్న మమ్మల్ని ముగ్గుర్నీ చూశాడు: నన్ను, హనుమక్కను, కాసీంను.

"ఎట్లా రాసేది సరోజినీ? కవరు పంపితే మీ నాన్న హడలిపోతారు. కార్డు రాస్తే నీకన్నా ముందు వీళ్ళు చదువుతారు."

హనుమక్క నా వెనక్కి జరిగింది. కాసీం సైకిలు గంట తుడవడం మొదలుపెట్టాడు. నాకు దాక్కోవడానికి ఎవరూ మిగల్లేదు.

సరోజిని మా వంక చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది. తండ్రితో, "మీరు బస్సుకు వెళ్ళిరండి నాన్నా" అంది. మాతో, "మీరూ వెళ్ళిరండి" అంది. లోపలికి అడుగు పెట్టి తలుపు మూసుకుంది.

మేము కాసేపు అక్కడే నిలబడ్డాం. లోపల భూషణం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏమంటున్నాడో మాత్రం మాకు తెలియలేదు.